నీళ్ళు నిలవని అద్దం

నాకు కారు తోలడం నేర్పింది మా ఆయన. సరదాకి నేర్చుకున్నది కాదు. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె కార్లు తోలి ఇల్లు గడిపిన మనిషికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. గేరు మార్చినా ఆయాసం వచ్చే స్థితికి చేరాక ఇక తోలవలసింది నేనే అయింది. ఊళ్ళో బడిపిల్లలకు అ ఆలు దిద్దించే నాకు ఆయన బ్రేకూ క్లచ్చూ దిద్దించారు. పాఠం రాకపోతే నేను పిల్లల్ని ఎలా కసురుతానో నన్ను అలాగే కసిరేవారు. నేనూ ఊరుకునే రకాన్ని కాదు. నౌపడ ఉప్పు మళ్ళ మధ్య రోడ్డు మీద మేమిద్దరం అరుచుకుంటూ పోతుంటే, ఉప్పు కుప్పలు వేసేవాళ్ళు పని ఆపి మరీ చూసేవారు.

మా ఊరు భావనపాడుకి దగ్గర. మా వైపు ఈ కిడ్నీ జబ్బు ఏ వీధికి వెళ్ళినా వినిపిస్తుంది. తాగే నీళ్ళ వల్ల అని కొందరు, ఎండలో చాకిరీ వల్ల అని కొందరు, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఎందుకు వచ్చిందో తెలియకపోయినా ఏం చెయ్యాలో మాత్రం మాకు తెలుసు. వారానికి రెండుసార్లు డయాలసిస్. టెక్కలిలో మంచం దొరకలేదు కాబట్టి శ్రీకాకుళం దాకా పోవాలి. తెల్లవారుతుండగా బయలుదేరితే పొద్దుటి వంతు అందుతుంది. వంతు తప్పితే ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు. ముందు పాదాలు పొంగుతాయి, తరవాత ముఖం, ఆ తరవాత ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. పడుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కునే మనిషిని చూసినవాళ్ళకి వంతు అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కరలేదు.

కొన్నాళ్ళు బస్సులో తీసుకెళ్ళి చూశాను. వెళ్ళేటప్పుడు ఎలాగో వెళ్ళేవాళ్ళం. వచ్చేటప్పుడు మనిషి తోటకూర కాడలా వేలాడిపోయేవారు. కండక్టరు చూపులూ, పక్కవాళ్ళ సానుభూతీ భరించలేక ఒక రోజు ఆయనే అన్నారు, కారు ఇంటి ముందు పడి ఉంది కదా, నువ్వు నేర్చుకో అని.

కారు పాతది. ఆయన ఒంట్లో బాగున్న రోజుల్లో మా పుట్టింటి ఊరు శృంగవరపుకోటలో ఒకాయన దగ్గర కొన్నది. వైపర్లు తిప్పే మోటారు మరీ ముసలిది. చినుకులకు బాగానే తిరుగుతుంది. వాన జోరందుకుంటే అద్దం మధ్యలో ఆగిపోయి, వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడుతుంది. ఎంతమంది మెకానిక్కులు చెయ్యిపెట్టినా దాని బుద్ధి మారలేదు. మా శృంగవరపుకోటలో వాన కొండ మీంచి దిగి వస్తుంది, వచ్చే ముందు కనిపిస్తుంది. ఇక్కడ సముద్రం మీంచి వచ్చే వానకు కబురూ లేదు, మర్యాదా లేదు. వానాకాలం మొదలైందంటే మాకు జబ్బు కంటే వైపరు భయం ఎక్కువగా ఉండేది.

అందుకని ఆయన అద్దాల మీద నీళ్ళు నిలవకుండా ఒక మందు రాసేవారు. అద్దె కార్లు తోలే రోజుల్లో ఎవరి దగ్గరో చూసి నేర్చుకున్న పని. శ్రీకాకుళంలో స్పేర్ పార్టుల దుకాణంలో చిన్న సీసాలో దొరికేది. మొదట అద్దం సబ్బుతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పాత బనియను గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుని గుండ్రంగా రుద్దుకుంటూ పోవాలి. కాసేపటికి అద్దం మసక వేస్తుంది. అప్పుడు పొడిగుడ్డతో ఆ మసక పోయేదాకా తుడవాలి. ముందు అద్దం, పక్క అద్దాలు, వెనకది, ఏదీ వదిలేవారు కాదు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి నరం కలిపిన ఎడమ చేతికి ఏ పనీ చెప్పకూడదు. కుడి చేత్తోనే రుద్ది, ఆయాసం వస్తే బానెట్టుకు ఆనుకుని నిలబడి, మళ్ళీ మొదలుపెట్టేవారు. నేను చేస్తానంటే గుడ్డ ఇచ్చేవారు కాదు. కారు విషయంలో ఆయనకు మిగిలిన పని అదొక్కటే. మరీ పట్టుబడితే, బడి పలక తుడిసినట్టు తుడిసీస్తావు నువ్వు, అని వెక్కిరించేవారు.

అంతా అయ్యాక చెంబుతో నీళ్ళు తెచ్చి అద్దం మీద పోసి నన్ను పిలిచి చూపించేవారు. నీళ్ళు చేమాకు మీద పోసినట్టు పూసలై జారిపోయేవి. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే ఉండేది. ఒకసారి అలా చూస్తూ, వాచిన పాదాల వంక చూసుకుని, ఆయన అన్నారు.

"ఈ మందేదో నాకు లోపల రాసీగలిగితే సరిపోను."

నేను నవ్వలేదు. నవ్వకపోతే ఆయనకు కోపం వస్తుందని తెలిసి కూడా నవ్వలేకపోయాను. లోపలికి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర నిలబడ్డాను.

ఆ మందుకు ఒక నియమం ఉంది. బండి జోరుగా పోతేనే నీళ్ళు పైకి ఎగిరిపోతాయి. భయపడి నెమ్మదిగా తోలితే పూసలు అద్దం మీదే కూర్చుని వణుకుతుంటాయి. నాకేమో వానంటే కాలు బ్రేకు మీదకే పోతుంది. హైవే ఎక్కగానే పక్కన కూర్చుని నసపెట్టేవారు, తొక్కు, ఇంకా తొక్కు, గాలే తుడిసీస్తాది అని. పళ్ళ బిగువున తొక్కేదాన్ని. ఒక వేగం దాటగానే నీళ్ళన్నీ గీతలు గీతలుగా పైకి పాకి, రోడ్డు తేటగా కనిపించేది. వైపరు అవసరమే ఉండేది కాదు. ఆ వానాకాలమంతా మేము అలాగే నెగ్గుకొచ్చాం.

మా అత్త కూడా మాతోనే ఉండేది. ఆవిడకి ఆయన ఒక్కడే కొడుకు. మిషన్ గుడిలో బాప్తిస్మం తీసుకున్న పాతకాలపు కుటుంబం వాళ్ళది. ఉపవాస ప్రార్థన తప్పేది కాదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేయిద్దామంటే, ముందు ఆడి సంగతి సూడండి, నాకు కనిపించకపోతే ఏటి మునిగిపోనాది, అనేది. ప్రార్థనకి పోయినప్పుడల్లా కొబ్బరి నూనె సీసా ఒకటి వెంట తీసుకుపోయి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి తెచ్చుకునేది. తలనొప్పికీ ఆ నూనే, కాలి బెణుకుకీ ఆ నూనే. మేము శ్రీకాకుళం బయలుదేరిన ప్రతిసారీ కారు బానెట్టు మీద ఆ నూనెతో వేలెడంత సిలువ గుర్తు పెట్టేది.

దానికీ ఒక కథ ఉంది. ఆ కారు మా ఇంటికి వచ్చినప్పుడు ముందు అద్దం మీద పాత యజమాని పూజ చేయించిన గంధం, కుంకుమ బొట్లు ఎండిపోయి ఉన్నాయి. ఆయన బ్లేడుతో గీకి శుభ్రం చేశారు. అప్పటి నుంచీ అత్తకి మనసులో ఒక వెలితి. ఊళ్ళో అందరి బండ్లకూ పసుపో కుంకుమో ఉంది, మనది బోసి ముఖంతో తిరుగుతోంది, దానికీ ఒక కాపుదల ఉండాలి కదా అని. బానెట్టు మీద నూనె చుక్క వల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి మేమేమీ అనేవాళ్ళం కాదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో తుపాను వచ్చింది. మా వైపు తీరాన్నే తాకింది. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, జీడితోటలు నేలకు పరుచుకున్నాయి. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, టెక్కలి రోడ్డు చెట్ల కింద మూసుకుపోయింది. సరిగ్గా ఆ రోజు ఆయన వంతు. ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేకపోయాం. తరవాతి వంతు వచ్చేసరికి ఆయన ముఖం నాకు తెలిసిన ముఖంలా లేదు. కళ్ళు పూడుకుపోయాయి. మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఊపిరి తెచ్చుకోవలసి వస్తోంది. నీళ్ళు గొంతు తడుపుకోవడానికి కూడా ఇవ్వలేదు. అయినా ఛాతీలో నీళ్ళ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రం రోడ్డు మీద చెట్లు నరికి దారి చేశారని కబురు వచ్చింది. ఆ స్థితిలో కూడా ఆయన వాన తెరిపివ్వగానే కుర్చీ వేయించుకుని, అద్దాలన్నింటికీ మందు రాశారు. ఆపి ఆపి, చీకటి పడేదాకా రాశారు. నేను తిట్టాను. వినలేదు. రేపు వాన తగ్గదు, అని మాత్రం అన్నారు.

పొద్దున్న బయలుదేరాం. అత్త కూడా వస్తానని వెనక సీట్లో కూర్చుంది. ఆ రోజు ఆయన్ను ఒక్క క్షణం కూడా వదిలిపెట్టి ఉండలేని స్థితి ఆవిడది. మసక వెలుతురు, సన్నగా తుంపర. మా ఊరు దాటి ఉప్పు మళ్ళ మధ్య రోడ్డు ఎక్కేసరికి వాన పెరిగింది. వైపరు వేశాను. అది ఇటునుంచి అటు ఒక్కసారి తిరిగింది. అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

మళ్ళీ వేశాను. ఇంకా తెల్లబడింది. ఎదురుగా కరెంటు స్తంభాలు వేసుకుని వస్తున్న లారీ దీపాలు ఆ తెలుపులో పగిలి అద్దం నిండా పాకాయి. లారీ ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలియలేదు. బ్రేకు తొక్కి ఆపేశాను. లారీ హారను కొట్టుకుంటూ మా పక్కనుంచి పోయింది, కారు ఊగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

దిగి పైటచెంగుతో తుడిచాను. తుడిచిన కొద్దీ పాముకుపోయింది. రోడ్డుకి రెండు పక్కలా ఉప్పు మళ్ళు తుపాను నీళ్ళతో నిండిపోయి రోడ్డు ఎత్తుకి వచ్చేశాయి. ఎక్కడ తారు, ఎక్కడ నీరు తెలియదు. ఒక దుకాణం లేదు, ఇల్లు లేదు, పిలుద్దామంటే ఫోను లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి తోలుదామని చూశాను, వాన ఇసక కొట్టినట్టు కొడుతోంది, కళ్ళు తెరవనివ్వలేదు. లోపల ఆయన డ్యాష్‌బోర్డు మీదకి వంగిపోయి ఊపిరి లాగుతున్నారు. వెనక అత్త ప్రభువా, ప్రభువా అంటోంది. ఇక్కడే, ఈ ఉప్పు నీళ్ళ మధ్యే అయిపోతుందని నాకు అనిపించింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. అంతకు ముందు ఎన్నో నెలలు ఆయన ముందు ఏడవకుండా దాచుకున్నదంతా అప్పుడే వచ్చింది.

ఆయన నా భుజం మీద తట్టారు.

"పక్కద్దం బాగున్నాది. రోడ్డంచు నాకు కనిపిస్తన్నాది. నేను సెప్తాను, నువ్వు తిప్పు."

నిజమే. ఆయన వైపు అద్దం మీద నీళ్ళు పూసలై జారిపోతున్నాయి. దాంట్లోంచి తారు అంచు, దాని పక్కన నీళ్ళు, విరిగిన తాటిమట్టలు, అన్నీ తేటగా ఉన్నాయి. ముందు అద్దం ఒక్కటే గుడ్డిదయింది. కారు మొదటి గేరులో వేశాను. ఆయన అద్దానికి నుదురు ఆనించి, ఒక్కొక్క మాటా ఊపిరితో కొనుక్కుంటూ చెబుతూ వచ్చారు. కుడికి. సాలు. అలాగే పోనీ. ఎడం. ఆగు, చెట్టున్నాది. ఎప్పుడూ తొక్కు తొక్కు అని ప్రాణం తీసే మనిషి ఆ రోజు నెమ్మది, నెమ్మది అన్నారు. మాట ఆగిన చోటల్లా నేను కారు ఆపేదాన్ని. మాట మళ్ళీ వస్తుందా రాదా అని ఆయన ముఖంలోకి చూసేదాన్ని. వచ్చేది. కదిలేదాన్ని. రోడ్డు నేను చూడలేదు. ఆయన గొంతు పట్టుకుని పోయాను.

టెక్కలి పొలిమేరలో ఒక కిరాణా దుకాణం సగం తలుపు తీసి ఉంది. బట్టల సబ్బు పొడి కొన్నాను. దుకాణం ఆవిడ బకెట్టుతో నీళ్ళు ఇచ్చింది. అత్త కూడా దిగి, ఒక పక్క ఆవిడ, ఒక పక్క నేను, వానలోనే అద్దం రుద్దాం. నురగ చేతికి తగలగానే జిడ్డు తెలిసింది. వాసన చూశాను. కొబ్బరి నూనె.

ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ బానెట్టు మీద పెట్టే చుక్కని అత్త ఆ రోజు మేము చూడకుండా అద్దమంతా పామింది. అదీ ఆయన ప్రాణం లాక్కుంటూ మందు రాసిన అద్దం మీద. నోటి చివరకి వచ్చిన మాట మామూలు మాట కాదు. ఇరవై నాలుగు గంటలూ ప్రార్థన ప్రార్థన అని నీ కొడుకుని చంపేసేదానివి అనబోయాను. కారు తలుపు తీసి ఉంది. ఆయన చెయ్యి చాపి నా తడి మణికట్టు పట్టుకున్నారు. వాచిన చేతిలో అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. అప్పుడే అత్త అడిగింది.

"ఏటయ్యినాదిరా అద్దానికి?"

"మందు పాతదయిపోనాదమ్మా. నిన్న రాసినప్పుడే జిడ్డు కట్టినాది, నేను సూసుకోనేదు. తప్పు నాదే."

ఆవిడ తల ఊపి, చేతులు చీరకి తుడుచుకుని, వెళ్ళి వెనక కూర్చుంది. నేను మాట మింగేశాను. సబ్బుతో నూనె పోయింది, దానితోపాటు ఆయన రాసిన మందూ చాలామటుకు పోయింది. మిగిలిన దారంతా ఆ ముసలి వైపరు దయ మీదే పోయాం. అది ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు దాన్ని నోరారా తిట్టానో. ఆసుపత్రికి చేరేసరికి వంతు దాటిపోయింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. నేను అక్కడ గచ్చు మీద కూర్చుని ఎవరి కాళ్ళు పట్టుకున్నానో గుర్తులేదు. ఆయన్ను చూసిన నర్సు ఒకామె పరుగున పోయి ఎవరితోనో మాట్లాడింది, మిషను దొరికింది. సాయంత్రానికి ఆయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగడం మానేశారు. ఆ రోజుకి గెలిచాం.

ఆ తరవాత అత్త కారును నూనెతో ముట్టలేదు. మేము బయలుదేరేటప్పుడు ముందుకు వచ్చి నిలబడేది. రెండు అరచేతులూ అద్దానికి జానెడు దూరంలో పట్టుకుని, తాకకుండా ప్రార్థన చేసి, పక్కకు తప్పుకునేది. ఎందుకిలా మారిందని నేను అడగలేదు. నాలో ఇంకా కోపం ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళూ దాన్ని బయటపెట్టనివ్వలేదు, పోనీలే, అనేవారు. నేనైతే పోనివ్వలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా ఆవిడ ముఖంలోకి చూసేదాన్ని కాదు.

ఆయన ఎండాకాలంలో పోయారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. రోడ్డు తెల్లగా మెరుస్తోంది, అద్దం అద్దంలా ఉంది, దారిలో ఏదీ అడ్డం రాలేదు, వంతుకి ముందే ఆసుపత్రికి చేరాం. మిషను మీద ఉండగానే గుండె ఆగింది. అన్ని వానలు దాటించుకుని తీసుకొచ్చిన మనిషి ఎండపూట పోయాడు. దేవుడి మీద కోపం వచ్చింది, ఎండ మీద కోపం వచ్చింది. ఎవరి మీద చూపించుకోవాలో తెలియక, సమాధుల తోట నుంచి వచ్చాక కారు మీద గోనెపట్టా కప్పేసి, దాని వైపు చూడడం మానేశాను.

తొలకరికి బడి తెరిచారు. టెక్కలిలో టీచర్ల మీటింగు పడింది. ఆ పొద్దున్న మబ్బు పట్టి ఉంది. బయటికి వచ్చి చూస్తే కారు మీద గోనెపట్టా లేదు. అత్త సబ్బునీళ్ళ బకెట్టు పెట్టుకుని ముందు అద్దం కడుగుతోంది. కడిగి, ఆరనిచ్చి, చెంగులోంచి ఆయన సీసా తీసింది. అడుగున కాస్త మిగిలి ఉంది. నాకు ఇవ్వబోయి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఆ దినం నూనె వాసన నా సేతికీ వచ్చినాదమ్మా. కళ్ళు నేవు గానీ ముక్కు ఉన్నాది కదా. ఆడి మందుకి తోడుంటాదని రాసినాను. ఆడు నాకోసం అబద్ధమాడతన్నాడని అప్పుడే తెలిసిపోనాది. నన్ను సెమించరా అని ఆణ్ణి అడగనేదు. అడిగితే ఆడి మాట పాడయిపోద్దని ఊరుకున్నాను. ఇప్పుడెవల్ని అడగాల?"

ఏడవకుండా అడిగింది. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. అన్ని నెలలు నేను దాచుకున్న కోపాన్ని వెతుక్కున్నాను, దొరకలేదు. ఆయన పాత బనియను గుడ్డ సీసాతోపాటు ఆవిడ చెంగులోనే ఉంది. రెండూ తీసుకుని, గుడ్డ మీద చుక్కలు వేసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ అలవాటు కొద్దీ చెయ్యి అద్దానికి జానెడు దూరంలో ఆపేసింది. ఆ చెయ్యి పట్టుకుని అద్దానికి ఆనించాను. గుండ్రంగా, అత్తా, అన్నాను. గుండ్రంగానే రాసింది. అందనిచోట నేను రాశాను. మసక తుడిచాం.

అంతలో వాన రానే వచ్చింది. పెద్ద చినుకులు. ఇద్దరం చూరు కిందకి పోయి నిలబడ్డాం. ఏడాది ముందు మూత తీసిన సీసా అది, వేడికి లోపలిది చిక్కబడిపోయింది. నీళ్ళు పూసలు కట్టలేదు. అద్దమంతా అతుక్కుపోయి, మామూలు అద్దం మీద వాన ఎలా కారుతుందో అలాగే కారాయి. ఆయన ఆ రోజు చెప్పింది ఇప్పుడు నిజమయింది. మందు పాతదయిపోయింది.

అత్త శుక్లాల కళ్ళతో కారు వైపు చూస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు నిలవకుండా పోతన్నాయేటమ్మా?"

"పోతన్నాయత్తా," అన్నాను. "అచ్చం ఆయన రాసినట్టే పోతన్నాయి."